పేషన్ దొరకలేదా? అయితే ఈ పర్లాకిమిడి మాస్టారి కథ వినండి

మొన్న లంచ్ అయ్యాక మా టీములో కుర్రాడొకడు నా పక్కన కూలబడ్డాడు. వాడికి ఎనిమిదేళ్ళ అనుభవం. మంచి జీతం, ఫ్లాటు, దానికి తగ్గ ఈయమ్మై, అన్నీ ఉన్నాయి. "అన్నా, పేపర్లు పెట్టేద్దామనుకుంటున్నా" అన్నాడు. వేరే ఆఫరేదో వచ్చిందనుకున్నా. కాదట. "ఏడాది ఖాళీగా ఉండి నా పేషన్ ఏంటో కనుక్కుంటాను. ఇప్పటికే ముప్ఫై దాటాయి. అందరికీ ఏదో ఒకటుంది, నాకే లేదు" అన్నాడు. గిటారు కొన్నాడు, మూడు నెలలకి మంచం కిందకి చేరింది. కెమెరా కొన్నాడు, అది అలమరలో ఉంది. వ్యక్తిత్వ పరీక్షలు ఆన్‌లైన్లో ఓ అరడజను రాశాడు, ఒక్కోటీ ఒక్కో రకంగా చెప్పింది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే మనలో చాలామందిది ఇదే గోల. పేషన్ అనేది ఎక్కడో దాక్కుని ఉంటుందనీ, సరిగ్గా సెర్చి కొడితే మొదటి పేజీలోనే దొరుకుతుందనీ, దొరికిన రోజు నుంచీ జీవితం సినిమాలో పాటలా సాగిపోతుందనీ ఒక నమ్మకం. దొరక్కపోతే లోపం మనలోనే ఉందని దిగులు.

వాడికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆగస్టు 29 రాగానే ఫోటోకి దండేసి, తెలుగు భాషా దినోత్సవం అని మెసేజీలు పంపుకుని, 30వ తారీఖుకి మర్చిపోతామే, ఆయనే. వాడుక భాష కోసం పోరాడారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ పోరాటంలోకి ఆయన ఎలా వచ్చిపడ్డారన్నది మాత్రం మనం పెద్దగా చెప్పుకోం. నాకు ఆ దారే ఎక్కువ నచ్చింది.

శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున పర్వతాలపేట అని ఒక ఊరు. ఆయన 1863 ఆగస్టు 29న అక్కడ పుట్టారు. నాన్నగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, 1875లో జ్వరం వచ్చి పోయారు. కుర్రాడికి అప్పటికి పదకొండో పన్నెండో ఏళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదివి 1879లో మెట్రిక్ ప్యాసయ్యారు. సహాధ్యాయి ఎవరో తెలుసా? గురజాడ అప్పారావు. ఆ తర్వాత పైచదువుకి పోయే స్తోమత లేదు, ఇల్లు గడవాలి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం నెలకి 30 రూపాయలు, వయసు పదహారు దాటి పదిహేడు నడుస్తోంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ ఉద్యోగం ఆయన పేషన్ కాదు, అవసరం. మనలో చాలామంది ఇంజనీరింగ్ లో చేరింది కూడా దేనికో మనకి తెలుసు కదా! కాలేజీకి వెళ్ళే వీల్లేదు కాబట్టి ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలు రాసుకుంటూ పోయారు. 1886లో ఎఫ్.ఏ. అయ్యింది. బి.ఏ. సంగతి తేలడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. పగలు బడి, రాత్రి చదువు. ఈవెనింగ్ ఎంబీయే చేసినవాళ్ళకి ఈ బాధ బాగానే అర్థమవుతుంది.

చరిత్ర మాస్టారు కదా, మొదటి పిచ్చి అక్కడే పట్టుకుంది. ఆయన పుట్టినూరికి దగ్గర్లోనే ముఖలింగం ఉంది. మధుకేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి, గోడల నిండా శాసనాలు. రోజూ వందలమంది వాటి పక్కనుంచే దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళేవారు, చదివేవాడు మాత్రం లేడు. ఈ మాస్టారికి చదవాలనిపించింది. నేర్పే గురువు లేడు. పుస్తకాలు ముందేసుకుని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. కళింగ గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ అనే విషయంలో అప్పట్లో పండితులకి వేర్వేరు అభిప్రాయాలుండేవి. అది ఈ ముఖలింగమేనని ఆధారాలతో వాదించారు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో వేశారు. అప్పటికి ఆ పత్రికలో రాసేది ఎవరనుకున్నారు? హుల్ష్, కీల్‌హార్న్ లాంటి జర్మన్ పండితులు. వాళ్ళ మధ్య పర్లాకిమిడి నుంచి ఒక స్కూలు మాస్టారు!

ఇంతటితో ఆగినా మంచి కథే. ఓ మంచి శాసన పరిశోధకుడిగా పేరు మిగిలేది. కానీ పక్కనే ఇంకోటి ఉంది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. వాళ్ళ భాష తెలుగూ కాదు, ఒరియా కూడా కాదు. అసలు ద్రావిడ భాషే కాదు, ముండా కుటుంబంలోది. లిపి లేదు, పుస్తకం లేదు. ఊళ్ళో పెద్దమనుషుల దృష్టిలో అది భాషే కాదు, ఏదో అరుపు. 1890లలో రామమూర్తి గారికి ఈ భాష నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. ఆ జనానికి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఒకరిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకుని, ఆయన్నే గురువుగా చేసుకుని నేర్చుకున్నారు. 1890లలో ఒక బ్రాహ్మణ పంతులు ఇంట్లో ఇలా జరగడమంటే ఊరు ఊరుకుని ఉంటుందా, మీరే ఊహించుకోండి.

రాయడానికి అక్షరాలే లేని భాష నేర్చుకోవడం ఎలా ఉంటుందో మనకి చప్పున తట్టదు. మనం ఏ కొత్త లాంగ్వేజీ నేర్చుకున్నా ముందు డాక్యుమెంటేషన్ తెరుస్తాం. దీనికి డాక్యుమెంటేషన్ లేదు, సోర్సు కూడా లేదు. మనిషి మాట్లాడుతుంటే వినడం, విన్నది రాసుకోవడం, మళ్ళీ పలికి తప్పు దిద్దించుకోవడం... అంతే. సవరలో గొంతు చటుక్కున ఆగిపోయే పలుకుబడి ఒకటుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. క్రియ లోపలికే నామవాచకం దూరిపోయే నిర్మాణాలున్నాయి, వాటికి మన చిన్నయసూరి దగ్గర సూత్రం లేదు. అందుకని అప్పుడప్పుడే యూరప్ నుంచి వస్తున్న ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని చదివారు. పుస్తకంలో ఎలా ఉండాలో చెప్పేది పాత వ్యాకరణం. మనిషి నోట్లో ఎలా ఉందో చెప్పేది ఈ కొత్త శాస్త్రం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

నేర్చుకుని ఊరుకోలేదు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టి, అయ్యవార్ల జీతాలు తనే ఇచ్చుకున్నారు. ఒక బడిపంతులు తన జీతంలోంచి ఇంకో బడిపంతులికి జీతం ఇవ్వడమన్నమాట! 1913లో ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదిచ్చింది. అంతకంటే ముందే ఆ కొండలు ఆయనకి ఇంకోటి ఇచ్చాయి, మలేరియా. దాని కోసం మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అది చివరిదాకా వదల్లేదు. చెవితో విని ఒక భాషని కాగితమ్మీదకి తెచ్చిన మనిషికి ఆ చెవులే పోయాయి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఇక అసలు మలుపు. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు క్లాసులు చూస్తే ఆయనకేమీ అర్థం కాలేదు. పిల్లలు మాట్లాడేది ఒకటి, పంతులు చెప్పేది ఇంకొకటి. బయట జనం వాడే భాషకీ పుస్తకాల్లో భాషకీ ఇంత దూరమెందుకు, బతికున్న భాషని బళ్ళో ఎందుకు రానివ్వరు అని అడిగాడు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి దగ్గర ఈ ప్రశ్న పెడితే, దీనికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే, గురజాడ, గిడుగు అన్నారాయన.

అప్పటికి రామమూర్తి గారి వయసు నలభై నాలుగు. బళ్ళో చేరి ఇరవై ఏడేళ్ళు. అన్నేళ్ళూ ఆ బళ్ళోనే ఆ భాషలోనే పాఠాలు నడిచాయి. మనందరికీ ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ పని, ఆయన జీవితం అని మనం అనుకునేది, నలభై నాలుగో ఏట ఎవరో బయటివాడు వచ్చి అడిగిన ప్రశ్నతో మొదలైంది!

మరి ఆ ప్రశ్న వేలమంది తెలుగు పంతుళ్ళ చెవుల్లో పడే ఉంటుంది కదా, ఈయనకే ఎందుకు తగులుకుంది? నా ఉద్దేశంలో అందుకు కారణం సవర. లిపి లేని భాషతో పదేళ్ళకి పైగా కుస్తీ పట్టినవాడికి, భాష అంటే జనం నోట్లో ఉన్నదేనన్న సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండోది శాసనాలు. వందల ఏళ్ళనాటి రాళ్ళని స్వయంగా చదివినవాడికి భాష ఎప్పుడూ ఒక్కలా ఉండదని కళ్ళారా తెలుసు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు పిచ్చిపనులు, అప్పటిదాకా దేనికీ పనికిరానట్టు కనబడ్డవి, వచ్చి సరిగ్గా ఒకచోట కలిశాయి. ఆయన ప్లాన్ చేసుకున్నది కాదు. ఏ అయిదేళ్ళ గోల్సు కాగితంలోనూ రాసుకున్నది కాదు.

1911లో ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఇక పూర్తికాలం యుద్ధమే. అదే ఏడు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. జయంతి రామయ్య పంతులు గారు, వేదం వేంకటరాయ శాస్త్రి గారు లాంటి హేమాహేమీలు గ్రాంథికం వైపు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం ఏ భాషలోనైనా రాసుకోవచ్చని ఉత్తర్వు వస్తే, దాని మీద పెద్ద గొడవ లేచింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గురజాడ 1915లో పోయారు. పక్కనున్న మొదటి స్నేహితుడు లేడు, ఉత్తర్వు లేదు, చెవులు సరిగ్గా వినబడవు.

ఆయన ఆయుధం ఏంటో చూడండి. తిట్లు కాదు, డేటా. పాత వచన గ్రంథాలన్నీ తిరగేసి, పూర్వులు వాడుక రూపాలు ఎక్కడెక్కడ వాడారో ఏరి పోగేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలు తీసి, వాళ్ళే వాళ్ళ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులు రాశారో లెక్కకట్టారు. 1916లో కొవ్వూరు సభలో ఇలాగే ఉదాహరణల మీద ఉదాహరణలిచ్చి, గ్రాంథికం తప్పుల్లేకుండా రాయగలవాడు ఎవడూ లేడని నిరూపించారు. ఆ ఉదాహరణల్లో కందుకూరి వీరేశలింగం గారి వాక్యాలు కూడా ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత, 1919లో, రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెడితే దానికి అధ్యక్షులెవరో తెలుసా? ఆ వీరేశలింగం గారే! కార్యదర్శి గిడుగు. తన తప్పులు సభలో చదివినవాడితో కలిసి కూర్చోవడానికి ఎంత పెద్ద మనసుండాలి! కోడ్ రివ్యూలో ఒక్క కామెంటుకే మొహం మాడ్చుకునే మనం ఈ విషయంలో వీరేశలింగం గారి దగ్గర కూడా కొంచెం నేర్చుకోవాలి.

అదే ఏడు 'తెలుగు' అని పత్రిక పెట్టారు. అది ఏడాది నడిచి ఆగిపోయింది. 1924లో సాహిత్య పరిషత్తు మెత్తబడింది, వాడుక భాష మీద నిషేధం తీసేసింది. కానీ బళ్ళూ యూనివర్సిటీలూ అంత తేలిగ్గా వంగలేదు. పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి రావడం 1960ల చివరికిగానీ మొదలవలేదు. అప్పటికి ఆయన పోయి దాదాపు ముప్ఫై ఏళ్ళు.

ఈ గొడవంతా సాగుతుంటే సవర పనేమైంది? ఆగలేదు! 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో అచ్చువేసింది. దాని వెనక దాదాపు ముప్ఫై అయిదేళ్ళ శ్రమ. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు. ఆఖరిది వచ్చేటప్పటికి ఆయనకి డెబ్భై అయిదేళ్ళు. ఒక ముండా భాషని ఇంత శాస్త్రీయంగా పరిశీలించిన తొలి భారతీయుల్లో ఈయన ఒకరు.

ఇంకో దెబ్బ మిగిలే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. తెలుగు ప్రాంతాలు విడిపోకూడదని ఆయన తెలుగువాళ్ళ తరఫున నిలబడి వాదించారు, ఓడిపోయారు. కొత్త రాష్ట్రం పుట్టడానికి ముందురోజు పొద్దున్నే, యాభై ఆరేళ్ళ క్రితం పదహారేళ్ళవాడిగా వచ్చి స్థిరపడ్డ ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. ఆ వయసులో. 1940 జనవరి 22న పోయారు. చివరి రోజుల్లో కూడా పత్రికల సంపాదకుల్ని కూర్చోబెట్టి, మీరైనా వాడుక భాష రాయండయ్యా అని అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఇది సంతృప్తికరమైన జీవితమేనా?

మనం సంతృప్తి అని దేన్ని అనుకుంటున్నామో ఆ లెక్కన చూస్తే కాదు. జీతం చిన్నది, అందులోంచే బళ్ళకి. చెవులు పోయాయి, ఊరు పోయింది, గెలుపు కళ్ళతో పూర్తిగా చూడలేదు. వర్క్-లైఫ్ బ్యాలెన్సు సంగతి అడక్కండి. ఆయన ఇంట్లోవాళ్ళని అడిగి ఉంటే ఆ కథ వేరేగా ఉండేదేమో కూడా. ఇదంతా చూసి ఆయనలా బతకండని ఎవరికైనా సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు.

ఆయన గొప్పవాడు, మనం మామూలువాళ్ళం, పోలికెందుకు అని మీరు అనొచ్చు. నిజమే. ఆ రోజుల్లో అక్షరం ముక్క దొరకని కోట్లమందితో పోలిస్తే ఆయనకి ఇంగ్లీషు చదువు దొరికింది, కులం వల్ల వచ్చిన వెసులుబాటూ ఉంది. కానీ నలభై నాలుగేళ్ళదాకా ఆయన కూడా ఒక చిన్న ఊళ్ళో, నెల జీతం మీద బతికే మాస్టారే. ఆ మాస్టారు మాత్రం మనకి పనికొస్తాడు.

నాకు అర్థమైనంతలో ఆయన పేషన్‌ని ఎప్పుడూ వెతకలేదు. రోజూ నడిచే దారిలో మూడు కనబడ్డాయి. గుడిగోడ మీద ఎవరూ చదవని రాత, కొండ మీద ఎవరూ నేర్చుకోని భాష, క్లాసులో పిల్లాడికి అర్థం కాని పాఠం. మూడూ ఆయనకి దగ్గర్లోనే ఉన్నాయి. మిగతావాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోయిన చోట ఆయన ఆగారు, అంతే తేడా. ఉద్యోగం మానేసి ఆగలేదు, ఉద్యోగం చేస్తూనే ముప్ఫై ఏళ్ళు ఆగారు.

ఇంకో సంగతి. ఆ మూడింటిలోనూ 'నాకేం ఇష్టం' అన్న ప్రశ్న కనబడదు. 'ఇక్కడ ఏం మిగిలిపోయింది, ఎవరికి అవసరం' అన్న ప్రశ్నే కనబడుతుంది. మన గిటారు మంచం కిందకి ఎందుకు చేరుతుందంటే, మనం వాయించకపోతే ఎవరికీ ఏమీ నష్టం లేదు కాబట్టి. ఆయన ఒకరోజు మానేస్తే ఎక్కడో కొండ మీద ఒక బడికి అయ్యవారి జీతం ఆగుతుంది. ఉత్సాహం లేని రోజుల్లో కూడా పని సాగడానికి ఇంతకంటే బలమైన కారణం ఉంటుందనుకోను. గిటారు తప్పని అనడం లేదు సుమా. సరదాకి వాయించుకోండి. దాని నెత్తిన జీవిత పరమార్థం అనే బరువు పెట్టకండి, పాపం అది మోయలేదు.

అన్నట్టు, 1936లోనే, ఆయన పర్లాకిమిడి వదిలిన ఏడాదే, మంగేయి గొమాంగో అనే సవర పెద్దమనిషి తమ భాషకి సొంతంగా సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 2012లో వచ్చిన యూనికోడ్ 6.1లో దానికి చోటు దొరికింది. మనవాళ్ళు అరుపు అనుకున్న భాష ఇవాళ తెలుగుతో పాటు అదే పట్టికలో ఉంది. ఇక ఆయన రెండో పని ఫలితం మీ కళ్ళ ముందే ఉంది. నమ్మకపోతే రేపు స్టేటస్ కాల్‌లో మీ తెలుగు మేనేజరుతో "నేను నిన్నటి దినమున ఆ దోషమును సరిచేసియుంటిని" అని చూడండి!

మర్నాడు మా కుర్రాడికి ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. "అయితే పేపర్లు పెట్టొద్దంటావా?" అన్నాడు. పెట్టు, పెట్టొద్దు అని చెప్పడానికి నేనెవర్ని? ఒక్కటి మాత్రం అడిగాను: "నువ్వు రోజూ వెళ్ళే దారిలో, అందరూ చూసి వదిలేసేది, నువ్వు మాత్రం ప్రతిసారీ తిరిగి చూసేది ఏదైనా ఉందా?"

చాలాసేపు ఆలోచించాడు. వాళ్ళ నాన్నగారు మగ్గం నేసేవారట, పోచంపల్లి దగ్గర ఊరు. ఇప్పుడు నెయ్యడం లేదు. చిటికీ కట్టేటప్పుడు ఆయన నోటితో లెక్కపెట్టుకునే ఒక పద్ధతి ఉండేదట, అది ఎక్కడా రాసిపెట్టి లేదు. ఊరెళ్ళినప్పుడల్లా అడగాలనుకుంటాడు, అడగడు. "అది పేషన్ అంటావా అన్నా?" అన్నాడు.

ఏమో, నాకూ తెలీదు. ఈ శనివారం ఊరెళ్తున్నాడు, ఫోన్లో రికార్డరు పెట్టుకుని. గిటారు మాత్రం మంచం కిందే ఉంది.